ఊరు ముందా, బ్రాంచి ముందా?

సూరతు నగరమున లింబాయతు, ఉధ్నా ప్రాంతములలో మగ్గముల చప్పుడు రాత్రింబవళ్లు ఆగని వీధుల నడుమ తెలుగు మాట చెవిని బడుట వింత గాదు. కరీంనగరు, సిరిసిల్ల, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి నేతపని తప్ప వేరొక ఆస్తి లేక వలస వచ్చిన పద్మశాలి కుటుంబములు ఇక్కడ తరములుగా స్థిరపడియున్నవి. నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా భాషలతోపాటు తెలుగు మాధ్యమమునకును చోటు దొరకుటయే వారి సంఖ్యకును, వారి పట్టుదలకును సాక్ష్యము. తాత చేమగ్గము నేసి, తండ్రి మరమగ్గము నడపిన ఇండ్లలో మూడవ తరము నేడు జె.ఇ.ఇ. వ్రాయుచున్నది. ర్యాంకు తెలిసి, సీట్లు పంచు జోసా వారి ఛాయిస్ ఫిల్లింగ్ ఆరంభమైన నాటినుండి ఆ యిండ్లలో అన్నము ముందరను వాదమే, పక్కమీదను వాదమే.

అట్టి వాదములలో ఒకటి యిది. వాదించువారు ఇరువురు. తండ్రి సిరిసిల్ల విడిచి యౌవనమున సూరతు చేరి, పరుల ఖాతాలలో, అనగా మగ్గముల కార్ఖానాలలో, రాత్రి షిఫ్టులు నేసి, కొన్ని మగ్గములతో తనదైన చిన్న లూమ్స్ ఖాతా పెట్టుకొన్నవాడు. మేనమామ హనుమకొండలో పాలిటెక్నిక్ అధ్యాపకుడు; సెలవులకు అక్కగారింటికి వచ్చియున్నవాడు. అమ్మాయి ర్యాంకునకు సూరతు ఎన్.ఐ.టి.లో ఎలక్ట్రికల్ గాని, వరంగల్లు ఎన్.ఐ.టి.లో సివిల్ గాని వచ్చు సూచనలు పోయిన యేటి కటాఫులనుబట్టి కనబడుచున్నవి. సూరతున నున్నవాడు వరంగల్లు కావలెననుటయు, వరంగల్లు వైపునుండి వచ్చినవాడు సూరతు మేలనుటయు ఈ వాదమునందలి విశేషము.

తండ్రి: బావమరదీ, దాపరికము లేక చెప్పుచున్నాను, పిల్ల వరంగల్లుకే పోవలెను. 1959 అక్టోబరు 10వ తేదీన నెహ్రూగారు స్వయముగా శంకుస్థాపన చేసిన కళాశాల అది; ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలని దేశమంతట నెలకొల్పిన వానిలో మొదటిది. కేంద్రప్రభుత్వము వెలువరించు ఎన్.ఐ.ఆర్.ఎఫ్. పట్టికలో, 2024 నాటి ఇంజనీరింగు లెక్క చూచినను, వరంగల్లు 21వ స్థానమున నుండగా సూరతు 50కి ఆవల నున్నది. ముందున్నదానిని విడిచి వెనుకనున్నదానిని పట్టుకొమ్మని మేనమామవై యుండి నీవు చెప్పుట నాకు విడ్డూరముగా నున్నది.

మేనమామ: ఆ అంకెను నేను కాదనను బావా, అది దేనిని కొలిచినదో మాత్రము చూడుడనెదను. ఆ పట్టికలో నూటికి 30 పాళ్లు బోధనకును దాని వనరులకును, 30 పాళ్లు పరిశోధనకును, 20 పాళ్లు పట్టభద్రులైనవారి ఫలితములకును, మిగిలిన 20 పాళ్లు అన్ని వర్గములవారికిని ప్రవేశము కల్పించుటకును, లోకములో నున్న పేరుకును పంచియిచ్చిరి. అన్ని శాఖలను ఒక్క రాశిగా పోసి కొలిచిన కొలత అది. పరిశోధన వ్యాసములెన్ని వెలువడెననుట పి.హెచ్‌డి. చేయబోవువానికి ముఖ్యముగాని, మొదటి సంవత్సరమున సర్క్యూట్ల పాఠము వినబోవు పిల్లకు అంత అక్కరలేదు. సూరతు కళాశాలయు నిన్న మొన్న పుట్టినది కాదు. 1960 మే 1న గుజరాతు రాష్ట్రము వేరుపడగా, మరుసటి యేడే, 1961లో, సర్దార్ వల్లభభాయి పేర వెలసినది. రెండును 2002 ప్రాంతమున ఎన్.ఐ.టి.లైనవి, రెండును 2007 నాటి చట్టము కింద జాతీయ ప్రాముఖ్యము గల సంస్థలే. ట్యూషన్ ఫీజు ఏటికి 1,25,000 రూపాయలు అక్కడను అంతే, ఇక్కడను అంతే. కుటుంబ ఆదాయమునుబట్టి వచ్చు తగ్గింపును ఒక్కటే. కావున చట్టమునందును, ఖర్చునందును తేడా లేని రెండింటి నడుమ మనము ఎంచుకొనుచున్నాము. తేడా బ్రాంచిలో నున్నది.

తండ్రి: తేడా బ్రాంచిలోనే గాదు, నేలలో నున్నది. ఈ ఊరు నాకు అన్నము పెట్టినది, కాదనను. అయినను ముప్పదియేండ్లు దాటినను ఇక్కడివారికి నేను పరాయివాడనే. నా బిడ్డ నాలుగేండ్లయినను తన నేలమీద, తన భాష వినబడు చోట, తన వారి నడుమ మసలవలెనని కోరుట తప్పా?

మేనమామ: కోరిక తప్పు కాదు, మీరు ఆమె నేల అనుకొనుచున్న ఆ నేల ఆమెను ఏమని పిలుచుచున్నదో వినుడు. ఎన్.ఐ.టి.లలో సీట్లు సగము హోమ్ స్టేట్ వారికి, సగము అదర్ స్టేట్ వారికి. ఏది హోమ్ స్టేట్ అనునది పుట్టిన ఊరునుబట్టి గాదు, తాత ముత్తాతల ఊరునుబట్టి అసలే కాదు, పన్నెండవ తరగతి ఏ రాష్ట్రమున ఉత్తీర్ణులైరో దానినిబట్టి నిర్ణయమగును. మా మేనకోడలు ఆ పరీక్ష సూరతులో వ్రాసినది. కావున ఆమె సూరతున స్వరాష్ట్రపు పిల్ల, వరంగల్లున పరరాష్ట్రపు పిల్ల. తెలంగాణ ప్రభుత్వ కళాశాలల సంగతి చెప్పనక్కరలేదు. అక్కడ స్థానికులకే పెద్దపీట. మీరు స్వదేశమనుకొన్నచోట ఆమె వెలుపలి వరుసలో నిలుచుచున్నది. మీరు పరదేశమనుకొన్నచోట లోపలి వరుసలో నిలిచినది. ఒకే ర్యాంకునకు ఇక్కడ ఎలక్ట్రికలును, అక్కడ సివిలును వచ్చుటకు కొంత కారణము అదియే.

తండ్రి: నా కడుపు మండునది అక్కడనే! ఇంట తెలుగు మాటాడి, ఏటేట సంక్రాంతికి ఊరు చూచి, బతుకమ్మ పేర్చుట నేర్చిన పిల్లను వరంగల్లు అదర్ స్టేట్ అనుట న్యాయమా?

మేనమామ: భావమున అన్యాయమే కావచ్చును, పాలనకు ఒక గీత ఎక్కడనో గీయక తప్పదు. కులగోత్రములనుబట్టి, మాతృభాషనుబట్టి రాష్ట్రమును నిర్ణయించినచో, రేపు లింబాయతులోని ప్రతి పిల్లవాడును తాను ఎవ్వరి వాడో సర్టిఫికెట్లు తెచ్చి నిరూపించుకొనవలసివచ్చును. చదివిన చోటే తమ చోటని ఈ నియమము చెప్పుచున్నది; వలస వచ్చినవారి బిడ్డలకు ఇంతకంటె మేలైన నియమము దొరకదు. మీకు పరాయిదైన ఊరు ఆమెకు కాగితముమీద సొంతమైనది. ఆ లాభమును మనము చేజేతులా వదులుకొందుమా?

తండ్రి: భాష సంగతి?

మేనమామ: భాష అనగా తరగతిలో భాషయా, హాస్టలులో భాషయా? తరగతి రెండు చోట్లను ఇంగ్లీషే. హాస్టలులో వరంగల్లునను సగము మంది ఇతర రాష్ట్రములవారే. హిందీ లేక గడియ గడవదు. సూరతున ఆ అదర్ స్టేట్ సగములో తెలుగు రాష్ట్రములనుండి వచ్చిన పిల్లలు ఏటేట చేరుచునే యున్నారు. ఇచ్ఛానాథు దగ్గరి ఆ కళాశాల హాస్టళ్లలో తెలుగు వినవలెనన్న వెదకనక్కరలేదు. ఇంతయేల, జె.ఇ.ఇ. మెయిన్‌ను 2021 నుండి తెలుగులోను వ్రాయవచ్చును; మన పిల్ల గుజరాతీలో వ్రాసినది. ఆమె మనస్సున లెక్కలకు గుజరాతీ, ఇంటికి తెలుగు, ముందుకు ఇంగ్లీషు ఎప్పుడో వాటాలు పంచుకొన్నవి.

తండ్రి: సరే, నీ మాటే పట్టి బ్రాంచి సంగతికే వచ్చెదను. సివిల్ తక్కువ చదువని ఎవరనిరి? 2006 ఆగస్టులో ఉకాయి జలాశయము నీళ్లు విడిచినప్పుడు తాపీ నది పొంగి ఈ నగరములో చాలభాగమును ముంచినది. ఎంతో తెలివిగల వ్యాపారులున్న ఊరు, వజ్రములు చెక్కు ఊరు, నీటికి అడ్డు చెప్పలేకపోయినది. నీటిని లెక్కగట్టువాడే ఇంజనీరని ఆనాడు నాకు తెలిసినది. వరంగల్లు చుట్టుపట్ల చూడుము: పాఖాల, రామప్ప, లక్నవరము — కాకతీయులు త్రవ్వించిన చెరువులు ఇన్ని శతాబ్దములైనను పొలములకు నీరిచ్చుచున్నవి. 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప గుడి పునాదిలో ఇసుక నింపి దానిమీద రాతి బరువు నిలిపిన నేర్పును లోకమునకు విడమరచి చెప్పినవారిలో ఆ కళాశాలలో పాఠము చెప్పి విరమించిన ఆచార్యుడున్నాడు. సివిల్ చదువుటకు అంతకంటె మంచి చోటు ఏది?

మేనమామ: ఈ వాదము మీ వాదములన్నిటిలోను ఘనమైనది, దీనికి నమస్కరించుచున్నాను. ఇది సివిల్ పక్షమున చేసిన వాదము. వరంగల్లు పక్షమున చేసినది సగమే. సూరతు కళాశాల 1961లో ఏ మూడు శాఖలతో ఆరంభమైనదో వానిలో మొదటిది సివిలే. ముంచెత్తు తాపీయు, దానిమీది వంతెనలును, ఇప్పుడు కట్టుచున్న మెట్రోయు, బుల్లెట్ రైలు స్టేషనును ఇక్కడి విద్యార్థికి కూతవేటు దూరమున నున్నవి. ఆమెకు సివిల్ మీద మనసున్నచో, వరంగల్లు సివిలా, సూరతు సివిలా అని కూర్చుండి వాదింతము; అప్పుడు మీరే నెగ్గుదురు. కాని ఆమె మనసు ఎటున్నదో మీకు తెలియనిది కాదు గదా?

తండ్రి: ఏమి తెలియును?

మేనమామ: మీ పక్క ఖాతాలో వాటర్ జెట్ మగ్గములు దింపిన నాటి ముచ్చట మీరే నాకు చెప్పితిరి. పాత మగ్గమున నాడె అటునిటు పరుగెత్తును; వాటర్ జెట్‌లో నాడె లేదు, నీటి చిమ్మే పేక దారమును మోసికొనిపోవును. దారము ఆవలి అంచు చేరినదా లేదా అని కనిపెట్టుటకు అక్కడ రెండు చిన్న లోహపు ములుకులుండును; తడిసిన దారము ఆ రెండింటికి తగిలినప్పుడు దానిగుండ విద్యుత్తు ప్రవహించును, దారము తెగినచో ప్రవాహము లేక మగ్గము ఆగిపోవును. మేస్త్రీ దానిని తుడిచి బిగించుచుండగా మా మేనకోడలు గంటసేపు అక్కడనే నిలిచి, నీరు ఎంత ఉప్పగానున్న ఆ సంకేతము ఎంత మారునో అడిగినదట. మేస్త్రీకి జవాబు తోచలేదట. పదవ తరగతి పిల్ల నోట వచ్చిన ఆ ప్రశ్న ఎలక్ట్రికల్ వారి ప్రశ్న. ఏ ర్యాంకు పట్టికయు ఇంత స్పష్టముగా దారి చూపదు.

తండ్రి: నీవు మాటకారివి. లోకము తీరు నీకు తెలియక కాదు, చెప్పక తప్పించుకొనుచున్నావు. సివిల్ చదివినవాడును, మెకానికల్ చదివినవాడును, ఎలక్ట్రికల్ చదివినవాడును కడపట చేరునది సాఫ్ట్‌వేర్ కంపెనీలోనే. ఇక బ్రాంచి ఏమైన నేమి? క్యాంపస్‌కు ఎక్కువ కంపెనీలు వచ్చు కాలేజీయే మేలు. పెద్ద పేరున్నచోటికే పెద్ద ప్యాకేజీ వచ్చును.

మేనమామ: అట్లు చేరువారు అనేకులు, నిజమే. అయినను రెండు సంగతులు ఆలోచింపుడు. క్యాంపస్‌కు వచ్చు కంపెనీలు ఏ బ్రాంచివారిని పరీక్షకు రానిత్తురో ముందే చెప్పుదురు; ఆ తలుపువద్ద సివిల్ వారు వెలుపల నిలిచిన సందర్భములు మా శిష్యులనోట ఎన్నో వింటిని. అది మొదటిది. రెండవది, సాఫ్ట్‌వేర్ వద్దనుకొన్ననాడు ఏమి మిగులును అనునది. ఎలక్ట్రికల్ చదివి గేట్ వ్రాసినవానికి విద్యుత్తు ఉత్పత్తి, సరఫరా సంస్థల ద్వారములు తెరచియుండును. ఈ సూరతుకు చేరువనే కాక్రాపారు అణువిద్యుత్ కేంద్రమున 700 మెగావాట్ల యూనిట్లు రెండు 2023, 2024 సంవత్సరములలో వాణిజ్యోత్పత్తి మొదలుపెట్టినవి. ఉకాయిలో జలవిద్యుత్తు, హజీరాలో భారీ పరిశ్రమలు. పెద్ద పేరుగల చోట ఇష్టములేని బ్రాంచిలో చేరి, నాలుగేండ్లు ఆ లాబులలో అన్యమనస్కులై తిరిగి, బ్యాక్‌లాగులు మూటగట్టుకొని రెంటికి చెడిన రేవడులైనవారిని నేను కన్నులార చూచితిని. కళాశాల పేరు రెజ్యూమె పైవరుసలో నుండును. బ్రాంచి మాత్రము ప్రతి దినము ఉదయము తొమ్మిది గంటలకు తరగతిలో ఎదురగును.

తండ్రి: ఇన్ని చెప్పితివి, ఇక నేనును దాచను. నాకు ర్యాంకు పట్టికలమీద అంత వ్యామోహము లేదు, నేలమీదను నీవనుకొన్నంత లేదు. పిల్ల ఇక్కడ నున్నచో ఆదివారము ఆదివారము ఇంటికి వచ్చును. వచ్చినచో ఖాతాలో ఎవరో రాలేదని, బట్ట తాకాలు లెక్కవేయుమని, జి.ఎస్.టి. బిల్లులు చూడుమని నేనే పిలుతును. నా నోరు నాకు తెలియును. ఇంగ్లీషు వచ్చిన మనిషి ఇంట ఆమె ఒక్కతెయే. మా అన్న కొడుకు డిప్లొమా ఇట్లే మా ఖాతాలో కరిగిపోయినది. మగ్గము మనిషిని పట్టిన విడువదు బావమరదీ. అందుకే ఒక పగలు, ఒక రాత్రి రైలు దూరమున ఆమెను పెట్టవలెనని నా యత్నము.

మేనమామ: మొదటనే ఈ మాట చెప్పియున్న ఇంతసేపు నెహ్రూగారిని, కాకతీయులను శ్రమపెట్టవలసిన పని లేకపోయెడిది గదా! ఇది ఇంతవరకు మీరు చెప్పిన కారణములన్నిటికంటె నిజమైనది, అందుచేత బలమైనది. అయినను ఆలోచింపుడు. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆమె దిగబోవు వరంగల్లులో ఎవరున్నారు? నేనున్నాను, మా చెల్లెలున్నది, మీ మేనత్తగారి సంతతి యున్నది; చుట్టముల ఇండ్లు వేళ్ల మీద లెక్కకు రావు. శ్రావణమాసము వచ్చెనా, వారమునకు రెండు పెండ్లిపిలుపులు. కాలేజీలో ఉన్న పిల్ల, మనవారి పిల్ల అని, రెండవ యేటికే సంబంధములు తెచ్చువారు గేటువద్ద నిలుతురు. మీరు మగ్గమునకు భయపడుచున్నారు. నేను మా బంధువర్గమునకు భయపడుచున్నాను. మగ్గమునకైన కరెంటు తీసినచో ఆగును.

తండ్రి: అది మాత్రము నిజము! మీ పెద్దమ్మ ఫోను చేయక ముందే జాతకము అడుగును.

మేనమామ: కావున దూరము రక్షింపదు, నియమము రక్షించును. ఇచ్ఛానాథులో హాస్టలున చేర్చి, సెమిస్టరు నడుమ ఖాతాకు పిలువనని మీరు మాట ఇయ్యుడు. ఇంటికి అరగంట దూరమున నుండియు పరాధీన గాకుండుట సాధ్యమే, అది మీ నాలుక చేతిలో నున్నది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి మాట వినియుందురు. పూర్వులది మన కర్నూలు వైపు మోక్షగుండము, పుట్టినది మైసూరు సీమ, ఇంజనీరింగు చదివినది పుణెలో, బొంబాయి ప్రభుత్వోద్యోగమున తిరిగిన ఊళ్లలో ఈ సూరతు ఒకటి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచినప్పుడు నిజాము పిలిపించినది ఆయననే. ఆయన సలహాననుసరించి వెలసినవే ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరులు. ఆయన పుణెలో చదివినందున తెలుగునేలకు వచ్చిన లోటు లేదు. పని నేర్చినవానిని అక్కర పడిన ఊరు తానే పిలిపించుకొనును.

తండ్రి: విశ్వేశ్వరయ్యగారు సివిల్ ఇంజనీరు, గమనించితివా?

మేనమామ: గమనించియే చెప్పితిని, ఆయన ఇష్టపడి చదివిన సివిల్ అది.

తండ్రి: ఇక తేల్చుము. ఆ జాబితాలో ఏది ముందు వ్రాయింతువు?

మేనమామ: జోసా పద్ధతి మీకు తెలియును. జాబితాలో పైనున్నది దొరికినచో కిందివన్నియు పోవును. కావున వచ్చునో రాదో అని ఊహించి కాక, కావలసిన వరుసలోనే వ్రాయవలెను. రాదనుకొన్నదానిని పైన వ్రాసినందున నష్టమేమియు లేదు. నా లెక్కకు మొదటిది వరంగల్లు ఎలక్ట్రికల్. అది వచ్చినచో మీ కోరికయు నా కోరికయు తీరును. రెండవది సూరతు ఎలక్ట్రికల్. మూడవది వరంగల్లు సివిల్. నాలుగవది సూరతు సివిల్. ఏదో ఒకటి చేతికి వచ్చినప్పుడు ఫ్రీజ్ చేయక ఫ్లోట్‌లో ఉంచినచో, తరువాతి రౌండ్లలో పైది ఖాళీయైన అదే వచ్చును, కాకున్న ఉన్నది ఎక్కడికిని పోదు.

తండ్రి: మొదటి స్థానము నాకిచ్చి, రెండవ స్థానములో నన్ను ఓడించితివి. మన పోరంతయు ఆ రెండు మూడు వరుసలదే.

మేనమామ: అవును, అక్కడ మాత్రము నేను జరుగను.

తండ్రి: నీ తర్కమునకు లొంగుచున్నాను. పిల్లను ఖాతాకు పిలువనని మాటయు ఇచ్చుచున్నాను. తప్పినచో మీ అక్కయే నన్ను అడుగును. కాని నాదొక షరతు. మగ్గము ముందర అడిగిన ప్రశ్న పదవ తరగతి నాటిది. రెండేండ్లలో మనసు మారియుండవచ్చును. జాబితా లాక్ చేయు గడువులోపల రెండు శాఖల సిలబసులును ఆమె ముందర పరచి, నాలుగేండ్లు ఏమేమి చదువవలెనో నీవే చదివి వినిపింపుము. విని, తనకు సివిలే ఇష్టమని ఆమె అన్నచో వరంగల్లు సివిల్ సూరతు ఎలక్ట్రికల్‌కు పైన వచ్చును, అప్పుడు నీవు ఆక్షేపింపరాదు.

మేనమామ: ఆక్షేపించుటకు నాకు కారణమే యుండదు బావా. బ్రాంచి ముందు, ఊరు తరువాత అని వాదించితిని గాని, ఎలక్ట్రికలే ముందని నేను వాదింపలేదు. ఆమె సివిల్ అన్ననాడు నా సూత్రమే మీ వరంగల్లును పైకెత్తును. సిలబసులు రేపు ఉదయమే తెప్పించెదను.